నెల్లూరు తీరంలో సముద్ర సమాచార సేవలు

తుపాను హెచ్చరికలు, అలల ఎత్తు, చేపలు చేరే చోట్లు మొదలైన వివరాలను ఉపగ్రహాలు, ఫోన్ల ద్వారా నెల్లూరు తీర మత్స్యకారులకు చేరవేసే ఏర్పాట్లు ఇవి. వీటి చరిత్ర సెల్‌ఫోన్‌కంటే పాతది. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత, 1980లలో, ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు అందుకునే పెట్టెలను ఉత్తర తమిళనాడు, దక్షిణ కోస్తాంధ్రలో అమర్చారు. ముప్పున్న ప్రాంతంలోనే సైరన్ మోగేది, ఆ వెంటనే అక్కడి భాషలో హెచ్చరిక వినిపించేది. ఆ తర్వాత వచ్చిన 1989 నవంబరు తుపాను నెల్లూరు జిల్లాలోని కావలి దగ్గరే తీరం దాటింది.

చేపల జాడ చెప్పే సేవను 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) చేపట్టింది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసేచోట పోషకాలు పైకొచ్చి సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. దాన్ని తినడానికి చిన్న చేపలు, వాటికోసం పెద్ద చేపలు వస్తాయి. నీటి వేడినీ, నాచు పచ్చదనాన్నీ ఉపగ్రహం పసిగడుతుంది. ఆ పచ్చదనం చూసే ఓషన్‌శాట్-1 అదే ఏడాది మే 26న శ్రీహరికోట నుంచే ఎగిరింది. (శ్రీహరికోట 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలోది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది.) ఈ తీరం మీదుగా పైకి వెళ్లిన కన్ను చూసింది హైదరాబాదు చుట్టి తెలుగులో మళ్లీ ఈ తీరానికే వచ్చేదన్నమాట. సూచనలో దిక్కు, దూరం, లోతు ఉంటాయి. లోతును మీటర్లలో చెబుతారు. బారల్లో కొలిచే అలవాటున్నవాళ్లు లెక్క మార్చుకోవాలి.

మొదట్లో ఫ్యాక్సుల్లో, రేవుల్లోని బోర్డుల మీద వచ్చిన ఈ సమాచారం తర్వాత ఎస్సెమ్మెస్‌గా మారింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1998లో కెనడా సాయంతో పుదుచ్చేరి పల్లెల్లో విజ్ఞాన కేంద్రాలు పెట్టి, అలల ఎత్తును మైకులో చదివించింది. ఆ దారిలోనే 2000ల చివర్లో క్వాల్‌కామ్‌తో కలిసి మత్స్యకారుల ఫోన్ సేవ తెచ్చింది. దానికి తెలుగు రూపం కూడా ఉంది. ఊరంతా ఒకేసారి వినే మైకు పద్ధతి, ఒక్కరి చేతిలోని ఫోన్‌కు ఏమీ తీసిపోదు.

చేపల ధరలపై ఫోన్ల ప్రభావం విషయంలో తరచు చెప్పేది కేరళ మాట. 1997-2001 మధ్య అక్కడి ఉత్తర తీరానికి సెల్‌ఫోన్లు వచ్చాక రేవుకూ రేవుకూ మధ్య కవ్వల ధరల తేడా బాగా తగ్గిందని ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ 2007లో చూపాడు. అయితే అప్పిచ్చిన వ్యాపారికే సరుకు తూచాల్సిన చోట, పక్క రేవు ధర తెలిసినా ఒరిగేది తక్కువ.

అసలు చిక్కు దూరానిది. ఒడ్డు నుంచి 10-12 కిలోమీటర్లు దాటితే ఫోన్ సిగ్నల్ పోతుంది, చేపలేమో తరచు అంతకు ఆవలే. అందుకే 2019 అక్టోబరులో గగన్ ఉపగ్రహ సంకేతాలు అందుకునే జెమిని పరికరం తెచ్చారు. అది సమాచారాన్ని అందుకుంటుందే తప్ప, బోటు నుంచి ఒడ్డుకు కబురు పంపదు. రెండువైపులా కబుర్లు పంపుకునే ట్రాన్స్‌పాండర్లను 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష బోట్లకు అమర్చే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి, ఆ 61 రోజులూ చేపల జాడ సూచనలు రావు.