తిట్టు కూడా కీర్తనే

మారేడుమిల్లికి అందరూ బొంగు చికెన్ కోసం వెళ్తారు. నేనూ అందుకే వెళ్లాను. ఆదివారం పొద్దున ఒక రేకుల షెడ్డులో ప్రార్థన జరుగుతుంటే, చిన్నప్పటి అలవాటు కొద్దీ వెళ్లి వెనక చాప మీద కూర్చున్నాను. ఒక కొండరెడ్డి ఆవిడ లేచింది. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే కాబట్టి ప్రతి మాటా అర్థమైంది. "అయ్యా, నా బిడ్డని డోలీలో మోసుకుని కొండ దిగుతుంటే నువ్వేం చేస్తున్నావు? నీమీద నాకు కోపంగా ఉంది" అంది. అంతే, కూర్చుంది. ఎవరో మెల్లగా ఆమేన్ అన్నారు.

నేను పెరిగిన చర్చిలో ఇలా మాట్లాడితే పక్కవాళ్లు మోచేత్తో పొడిచేవారు. అక్కడ ప్రార్థనంటే కొంచెం గ్రాంథికం, బోలెడు స్తోత్రాలు. రెండేళ్ల కిందట అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు నేనూ అలాగే "నీ చిత్తమే జరగనీ" అన్నాను. శుద్ధ అబద్ధం. ఆయన చిత్తంతో నాకేం పని, నాకు అమ్మ కావాలి.

ఆవిడ తీరు ఈ దారికి కొత్తేం కాదు. మారేడుమిల్లి నుంచి ఘాట్ రోడ్డు దిగి చింతూరు మీదుగా పోతే భద్రాచలం వస్తుంది. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న అక్కడ గుడి కట్టించి, ప్రభుత్వ సొమ్ము వాడాడని గోల్కొండ చెరసాల పాలయ్యాడు. పన్నెండేళ్లు మగ్గాడని చెబుతారు. అక్కడ నుంచి రాముణ్ని దులిపేశాడు. చేయించిన నగలన్నీ పేరుపేరునా లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. ఆ వెంటనే, దెబ్బలు తాళలేక తిట్టానయ్యా అని బతిమాలుకున్నాడు. నాకు ఆ తిట్టుకన్నా ఈ రెండో మాటే ఎక్కువ నిజమనిపిస్తుంది. కోపం, భయం, ప్రేమ ఒకే పాటలో పట్టాయి.

తెలుగు బైబిల్లో దావీదు పాటలకి కూడా పేరు కీర్తనలే. వాటిలో దాదాపు మూడో వంతు మొరలూ ఫిర్యాదులే. 88వ కీర్తనైతే ఓదార్పు లేకుండా చీకట్లోనే ముగిసిపోతుంది. (మా చర్చిలో దాన్ని చదివిన గుర్తు లేదు.) లూకా 18లో గుడి వెనక నిలబడి గుండెలు బాదుకున్న సుంకరి కథా అదే. అన్నట్టు గోపన్న కూడా పన్నులు వసూలు చేసే ఉద్యోగే.

తూర్పు కనుమల ఆ చివర, పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. మతం మార్చుకున్నాడు గానీ పల్లవి, చరణం, రాగం, తాళం వదల్లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన పాటలు చదువుతుంటే, తన పాపాన్ని దాచకుండా ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి కనిపిస్తాడు. క్రైస్తవులకి ఇది మిషనరీలు మాత్రమే తెచ్చి ఇచ్చిన విద్య అంటే నేనొప్పుకోను. పాస్టరుగారిని మీరు అంటాం, దేవుణ్ని నువ్వు అంటాం. ఆ చనువు తెలుగులో ముందే ఉంది.

ప్రార్థన అయ్యాక ఆవిడ నాకు టీ ఇచ్చింది. బిడ్డ సంగతి అడగడానికి నోరు రాలేదు. తిరుగు బస్సు రంపచోడవరం దాటాక కిటికీ వైపు తిరిగి, "నువ్వు అమ్మని..." అని మొదలుపెట్టాను.