కట్ట క్రింది చెమ్మ



పూర్వము ముహూర్తకాలమును ఘటికాయంత్రముతో నిర్ణయించెడివారు. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై వదలుదురు. ఆ రంధ్రముగుండ నీరు చేరి గిన్నె మునుగుటకు పట్టుకాలము ఒక ఘడియ, అనగా 24 నిమిషములు. శివాలయములలో లింగముపై వ్రేలాడు ధారాపాత్రయు నట్టిదే. ఈ రెంటియందును నీరు కారుట గుణమేగాని దోషము గాదు. ఏలయన ఆ రంధ్రమును చేసినవారము మనమే. దాని కొలత మనమెరుగుదుము. మనకు తెలియక, మన కొలతకు లొంగక కారెడి నీటి సంగతి వేరు. అట్టి నీరు చెరువుకట్టల నెట్లు కూల్చునో, ఆ రహస్యమును మన పెద్దలును తరువాతి ఇంజనీర్లును ఎట్లు గ్రహించిరో నేడు మనవి చేసెదను.

మన తెలంగాణము చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు కాకతీయులనాటివి. మా జక్రాన్‌పల్లి వంటి పల్లెలకును చెరువుకట్టయే పెట్టనికోట. ఈ కట్టలన్నియు మట్టివి. మట్టికట్ట యెంత గట్టిదైనను కొంత చెమ్మ క్రిందికి దిగక మానదు. ఆ చెమ్మ ఎప్పుడు శత్రువగునన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న కొత్తది గాదు. కడప సీమలోని పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు చెరువు శాసనము కలదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. రెండేండ్లు, దినమునకు వేయిమంది పనివారును నూరు బండ్లును పనిచేసినట్లు అందున్నది. ఆ శాసనము చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను చెప్పుచున్నది. నీటి శాస్త్రము నెరిగిన పండితుడుండుట అంగములలో నొకటి. చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట దోషములలోనివి. కట్టనుండి నీరు కారుటయు దోషములలో లెక్కింపబడినది. ఆరువందల యేండ్లకు పూర్వమే మనవారు చెమ్మను దోషముగా గుర్తించిరన్నమాట.

ఇక ఆ దోషము పనిచేయు విధమును చూతము. ఎలుక బొరియ, ఎండ్రకాయ కన్నము, చచ్చిన చెట్టువేరు కుళ్లిన సందు, తూము ప్రక్క సరిగా దిమ్మిస వేయని మన్ను, ఇట్టి చోట్ల నీరు దారి చేసికొనును. కట్ట వెలుపల అది పైకి వచ్చుచోట మొదట ఒక మట్టిరేణువును లేపుకొనిపోవును. దాని వెనుక రేణువునకు ఆధారము పోవును, అదియు కదలును. ఇట్లు కన్నము వెలుపలినుండి లోపలికి, చెరువువైపునకు పెరుగుచు పోవును. అది చెరువునీటిని అందుకొన్ననాడు పడునదియే బుంగ. పిమ్మట గండి పడుటకు గడియలు చాలును. కట్టపై నడచువానికి అంతవరకు ఏమియు కానరాదు.

ఈ సంగతి ఇంజనీర్లకు శాస్త్రముగా తెలియుటకు పెద్దనష్టమే కావలసివచ్చినది. గంగానదిపై నరోరాయొద్ద నున్న ఆనకట్ట 1898లో చెడినది. దాని క్రిందినుండి ప్రాకిన నీటి ఒత్తిడియే అందులకు కారణమని తేలినది. తరువాత బ్లై అను ఇంజనీరు, ఆనకట్ట అడుగున నీరు ప్రాకు దారిని పొడిగించినచో దాని బలము తగ్గునని సూత్రము చేసెను. భారతీయుడగు అయోధ్యానాథ ఖోస్లా, తన సహచరులతో కలిసి 1936లో ప్రకటించిన గ్రంథమున దీనిని సరిదిద్దెను. దారి పొడవొక్కటే చాలదనియు, నీరు వెలువడు చోట దాని ఒత్తిడి మట్టిరేణువు నెత్తునంత కాకుండ చూడవలెననియు ఆయన సిద్ధాంతము.

దీనికి దృష్టాంతము అమెరికాలో, ఐడాహో రాష్ట్రమున కనబడినది. టీటన్ అను కొత్త మట్టి ఆనకట్టను మొదటిసారి నింపుచుండగా, 1976 జూన్ 3వ తేదీన దాని దిగువ చిన్న ఊటలు కనబడినవి. ఆ నీరు తేటగానుండెను. 5వ తేదీ ఉదయమునకు బురదనీరు వెలువడెను. మధ్యాహ్నము కాకముందే ఆనకట్ట తెగెను; పదునొకండుగురు మరణించిరి. మన గోదావరిపై మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు 2023 అక్టోబరు 21న క్రుంగినప్పుడును, పునాది అడుగు ఇసుక నీటితో కొట్టుకొనిపోవుట ప్రధాన కారణములలో నొకటి కావచ్చునని జాతీయ ఆనకట్టల భద్రతాసంస్థ నిపుణులు వ్రాసిరి. యంత్రములు మారినను నీటి స్వభావము మారలేదు.

అయినను ఊటనెల్ల శత్రువని తలపరాదు. మంజీరపై నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు ప్రధాన ఇంజనీరుగానుండగా 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము, బోధను సీమను చెరకుతోటలతో నింపినది. 1937లో నెలకొని 2015లో మూతపడిన చక్కెర కర్మాగారమునకు ఆధారము ఆ నీరే. మట్టికాలువనుండి ఇంకిన నీరు ఏ బావిలోనో ఊటయై మరల పైకి వచ్చును. మురుగుకు దారిలేనిచోట ఆ నీరే నేలను ఉబ్బరపరచి చవుడు చేయును. ఒకే చెమ్మ ఒకచోట వరము, మరియొకచోట శాపము. భేదము తెలిసికొనుట మన పని.

పూర్వము ఈ పనికి మనుష్యు లుండిరి. నీరటి కట్టమీద తిరిగి తూము తెరచుట, మూయుట చూచెడివాడు. చెరువును కట్టించిన, బాగుచేసిన వారికి దశబంధ మాన్యము లుండెడివి. 2015 మార్చి 12న అప్పటి మన నిజామాబాదు జిల్లాలోని సదాశివనగరమున మిషన్ కాకతీయ మొదలై, చెరువులు పూడిక తీయబడినవి, కట్టలు బలపడినవి. కాని బాగుచేసిన కట్టకును కావలి వలయును. పొక్లెయిను యంత్రము ఏటికొకమారైనను రాదు. ఎలుక ప్రతిరాత్రి వచ్చును.

కావున పెద్దలకు నా మనవి. చెరువు నిండినప్పుడు కట్టపైననే కాక దాని దిగువ అంచు వెంబడియు నడువుడు. వెలువడు నీటిని గాజుపాత్రలో పట్టి చూడుడు. తేటగానుండి, దినదినమునకు హెచ్చకున్నచో భయములేదు. ఐనను రోజును చూచుచుండుడు. బురదగానున్నను, ఒక్కసారి హెచ్చినను, ఇసుక కుప్పవలె లేచినను, వెంటనే నీటిపారుదల అధికారులకు తెలిపి, కట్ట క్రింది యిండ్లవారిని కదలించుడు. వెలుపలివైపున మట్టితో గట్టిగా బిగింపకుడు. అడ్డగింపబడిన నీరు వేరొక దారి వెదకును. ఇంజనీరు వచ్చులోగా, దరిజేరుట క్షేమమైనచో, ఊటపై మొదట ఇసుక, దానిపై సన్నకంకర, పైన లావు రాళ్లు పరచుడు. నీరు పోవును, మన్ను నిలుచును. కట్టపై పెద్దచెట్లను పెరుగనీయకుడు. బొరియలను వేసవిలోనే త్రవ్వి, మన్ను నింపి, దిమ్మిస వేయుడు.

వరదవచ్చిన రాత్రి ఊరంతయు కట్టమీదికి చేరును. ఎండలు మెండుగానున్న దినములలో కట్టవైపు చూచువాడు ఒక్కడైన నున్నచో, ఆ రాత్రి ఊరు నిశ్చింతగా నిద్రించును.