వకీలు గుమ్మం ముందర మన ప్రశ్నలు

నాందేడు చరిత్ర అనగానే గోదావరి గట్టు, 1708లో గురు గోవిందసింహుల నిర్యాణము, దానితోబాటు వెలసిన గురుద్వారా జ్ఞప్తికి వచ్చును. రాజులను, యుద్ధములను గూర్చి పుస్తకములు చాలా ఉన్నవి. కాని బోధను నుండి, నిర్మలు నుండి, ఆర్మూరు నుండి మగ్గము గుంటలు వదలి, తరాజు కట్టెలు పట్టుకొని, నాగళ్ళు మోసుకొని వచ్చిన మన పద్మశాలీలు, కోమట్లు, మున్నూరు కాపులు ఈ గడ్డపై ఎట్లు నిలదొక్కుకున్నారో తెలుసుకొనవలెనంటే వారు వకీళ్ళను అడిగిన ప్రశ్నలు చూడవలెను. మనిషి గుడిలో కోరికలు చెప్పుకొనును, వకీలు దగ్గర భయములు చెప్పుకొనును. ఏ కాలమునకు ఏ భయమో ఆ ప్రశ్నలలో తెలిసిపోవును.

మొదటి ప్రశ్న న్యాయమును గూర్చి కాదు, భాషను గూర్చి. "ఇందులో ఏమి రాసి ఉన్నది?" నిజాం రాజ్యమున 1884 ప్రాంతమున కోర్టులలో ఫారసీ పోయి ఉర్దూ వచ్చినది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము సైతము ఉర్దూలోనే బోధించినారు. ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ, కచేరిలో ఉర్దూ. ఈ మూటి నడుమ మనవాడు ఎంత తికమక పడినాడో ఒక్క మాట చెప్పిన చాలును. ఉర్దూలో 'ముద్దయీ' అనగా దావా వేసినవాడు, ఎదుటివాడు 'ముద్దాలే'. మన తెలుగులోనో, ముద్దాయి అంటే నేరము మోపబడినవాడు! "నీవు ముద్దయీవి" అని గుమాస్తా అన్నప్పుడు ఎందరు అమాయకులు గుండె బాదుకొని ఉందురో ఊహింపుడు. నేటికిని అట్టి చిక్కే ఉన్నది. మరాఠీలో 'జమీన్' భూమి, 'జామీన్' పూచీకత్తు. ఒక్క దీర్ఘము తప్పిన చేను కాస్తా జైలు సంగతి అగును.

తెలుగువారికి కాయిదాలలోని సంగతి తెలుగులో చెప్పవలెనను పట్టుదల తరువాతి కాలమున హైదరాబాదులో బయలుదేరినది. 1921లో వివేకవర్ధిని నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగినది. మహారాష్ట్రుడైన ధొండో కేశవ కర్వే గారు అధ్యక్షులు. ఆ సభలో అల్లంపల్లి వేంకటరామారావు గారు తెలుగున మాట్లాడబోగా కొందరు గేలి చేసినారు. ఆ అవమానము నుండియే ఆంధ్ర జన సంఘము పుట్టినది. అల్లంపల్లి వారు వకీలు, సంఘమునకు ప్రాణమైన మాడపాటి హనుమంతరావు గారు కూడా వకీలే. అందువలననేమో ఆ సంఘము వెట్టిచాకిరిని గూర్చి, వర్తకుల హక్కులను గూర్చి చిన్న పుస్తకములు అచ్చు వేయించి పల్లెలకు పంపినది. అధికారి సరుకు ఎత్తుకొనిపోయి వెల ఇయ్యకున్న ఏమి చేయవలెను, వెట్టికి పిలిచిన పోవలెనా అనునవి ఆ కాలపు ప్రశ్నలు. జవాబులు తెలుగు అక్షరములలో దొరకుట అదే మొదలని చెప్పవచ్చును.

రెండవ ప్రశ్న లెక్కలకు సంబంధించినది. తాతల నాటి సందూకు తెరచిన కాయిదము మీద 1347వ సంవత్సరము అని ఉండును. ఇదేమి యుగమని పిల్లలు నవ్వుదురు. అది ఫసలీ. దానికి 590 కలిపిన 1937 వచ్చును. సంవత్సరము ఆరంభమగు మాసము వేరు గనుక ఒక ఏడు అటునిటు కావచ్చును. కాయిదములో రాసిన రూపాయలు కూడా మనము ఎరిగిన రూపాయలు కావు. అవి హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. 700 హాలీకి కుదువ పెట్టిన పొలమును విడిపించుకొనుటకు 600 కల్దారు చాలునా, 700 ఇయ్యవలెనా అని హాలీ చలామణి ముగియుచున్న దినములలో అప్పులవారు తగవులాడుకొనుట సహజమే గదా. ఫసలీ పత్రములతో మాత్రము నేటికిని పని పడుచున్నది. మరాఠ్వాడాలో కుణబీ నమోదులు వెదకుటకై 2023లో మహారాష్ట్ర ప్రభుత్వము నియమించిన న్యాయమూర్తి శిందే సంఘము నిజాం నాటి దప్తరముల కొరకు హైదరాబాదు వరకు పోయినది. ఉర్దూ, మోడీ లిపులు చదువగల ముసలివారికి ఇంత గిరాకీ వచ్చునని ఎవరు అనుకొన్నారు?

1956 నవంబరు 1వ తేదీన గీత గీసినారు. అంతవరకు నాందేడు, నిజామాబాదు, ఆదిలాబాదు ఒకే హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాలు. ఆ దినమున దేగులూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు, ముధోలు తాలూకాలోని ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్ళు నాందేడును విడిచి ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఆదిలాబాదు నుండి కిన్వటు తాలూకా, ఇస్లాపూరు సర్కిలు ఇటు వచ్చినవి. ధర్మాబాదు ఇటే నిలిచినది. నాందేడు మొదట బొంబాయి రాష్ట్రమున చేరి, 1960 మే 1 నుండి మహారాష్ట్రలో ఉన్నది. అన్నదమ్ములలో ఒకరు భైంసాలో, ఒకరు ధర్మాబాదులో నిద్రపోయి, తెల్లవారి లేచునప్పటికి వేరువేరు రాష్ట్రములవారు అయినారు. ఇల్లు కదలలేదు, పొలము కదలలేదు, కోర్టు మాత్రము కదలినది.

అప్పుడు పుట్టిన ప్రశ్న నేటికిని మనవారిలో అందరికంటె ఎక్కువమంది అడుగునది. "చేను అక్కడ, నేను ఇక్కడ. దావా ఎక్కడ వేయవలెను?" 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులో దీనికి స్పష్టమైన జవాబు ఉన్నది. భూమిని గూర్చిన దావా భూమి ఉన్నచోటనే వేయవలెనని 16వ సెక్షను చెప్పుచున్నది. ఆస్తి రెండు కోర్టుల హద్దులలో చెదరి ఉన్నయెడల, వానిలో ఏ కోర్టులోనైనను మొత్తము ఆస్తికి దావా వేయవచ్చునని 17వ సెక్షను. అందుచేత ఉమ్మడి పొలములో సగము భైంసాలో, సగము భోకరులో ఉన్న కుటుంబము పంపకము కొరకు రెండు చోట్ల ఖర్చులు పెట్టుకొన నక్కరలేదు. ఈ సంగతి తెలియక రెండు దావాలు వేసి, ఇద్దరు వకీళ్ళకు ఫీజులు కట్టినవారు ఉన్నారు. అప్పు ఎగవేసినవాడు సరిహద్దు దాటిన కాలపరిమితి ఆగునను భ్రమ ఒకటి ఉన్నది. ఆగదు. మూడు సంవత్సరములు మూడు సంవత్సరములే.

అప్పీళ్ళ సంగతి చూడుడు. 1956కు పూర్వము నాందేడు స్టేషనులో రాత్రి బండి ఎక్కిన తెల్లవారి హైదరాబాదు హైకోర్టు. తరువాత బొంబాయి. చెప్పులు అరిగిన మాట అటుండ, బొంబాయిలో బస ఎక్కడ? 1981 ఆగస్టులో ఔరంగాబాదులో హైకోర్టు బెంచి కూర్చున్నప్పుడు మరాఠ్వాడావాసులు కొంత ఊపిరి పీల్చుకొన్నారు. ఆ ఊరికి నేడు ఛత్రపతి సంభాజీనగరమని పేరు. ఇక భూమి కాయిదముల సంగతి. ఇటు సాత్‌-బారా, అటు పహణీ. అటువైపు 2020లో ధరణి వచ్చినది, 2025లో అది భూభారతికి చోటిచ్చినది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము ఇరువైపుల ఒక్కటే. కాని చెరియొక ప్రభుత్వము చెరియొక విధముగా సవరించుకొనుచు వచ్చుటచేత, ఒక తల్లి బిడ్డలు రెండు ఇండ్లలో పెరిగినట్లు అయినది. రక్షిత కౌలుదారు హక్కును గూర్చి నిజామాబాదు బావ చెప్పిన సలహా నాందేడులో పనికిరాకపోవుటకు ఇదే కారణము.

ఇక పేరు. ఇది చిన్న సంగతివలె కనబడును గాని దీనివలన కలిగినన్ని చిక్కులు మరి దేనివలనను లేవు. మన ఇంటిపేరు ముందు వచ్చును, మరాఠీ పద్ధతిలో కడపట వచ్చును. నడుమ తండ్రి పేరు, పెండ్లి అయిన స్త్రీకి భర్త పేరు. అంతటితో పోయినదా? ఇక్కడి బడి పంతులు మన ఇంటిపేరుకు 'వార్' తగిలించినాడు. చింత వారు చింతావార్ అయినారు, మామిడి వారు మామిడ్వార్ అయినారు. నిజమునకు 'వార్' అనునది మన 'వారు' అనుమాటయే. మర్యాదకు పలికినది ముద్ర అయి కూర్చున్నది. నాందేడు వీథులలో 'వార్' అని ముగియు అంగడి పలక కనబడిన లోపల తెలుగు వినబడునని చాలవరకు నమ్మవచ్చును. కాని తాత పేర పహణీలో 'చింత రాజన్న' అని ఉండి, మనుమని బడి దాఖలాలో 'చింతావార్' అని ఉన్నప్పుడు ఈయన ఆయన వారసుడని ఎట్లు నమ్మించుట? ప్రమాణపత్రము ఒక్కటే చాలదు. రెండు పేర్లును కలిసి ఉన్న పాత కాయిదము ఒక్కటి చూపినచో ఎంతో బలము. పెండ్లి శుభలేఖ, మిల్లు పనివాని హాజరు చీటి, బ్యాంకు పుస్తకము, ఏదియైనను పారవేయరాదు. ఉస్మాన్‌షాహీ మిల్లులో పనిచేసిన తండ్రి ప్రావిడెంటు ఫండు చీటియే కొడుకు వంశవృక్షమునకు సాక్ష్యము కావచ్చును.

ఆడబిడ్డల ప్రశ్న ఆలస్యముగా వచ్చినది. ముందు నుండియు ఉన్నదే, అడుగనిచ్చినవారు లేరు. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టము అమలులోనికి వచ్చినది. అందులో తండ్రి స్వార్జితములో కుమార్తెకు కొడుకుతో సమాన భాగము ఇచ్చినారు గాని, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చు హక్కు కొడుకులకే నిలిపినారు. ఆంధ్రప్రదేశములో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము 1986లో చట్టము చేసి, 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెను కూడా సమాంశభాగిగా చేసినది. మహారాష్ట్రలో అట్టి చట్టము 1994 జూన్ 22 నుండి వచ్చినది. రెండు చట్టములలోను ఆ తేదీకి ముందే పెండ్లి అయినవారికి హక్కు లేదు. చూడుడు, ఇది మన కుటుంబములలో ఎంత పని చేసినదో! 1990లో పెండ్లి అయిన పిల్లకు బోధను చేనులో భాగము ఉండగా, బిలోలి చేనులో లేకపోయెను. తండ్రి ఒక్కడే, బిడ్డ ఒక్కతే, నడుమ మంజీర.

2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టము ఆ తేడాను తుడిచివేసినది. పెండ్లి అయినదా లేదా అను ప్రశ్నయే లేదు. ఆ తేదీకి తండ్రి బ్రతికి ఉండవలెనా అని పదునైదు ఏండ్లు కోర్టులు వాదించుకొన్న పిమ్మట, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఉండనక్కరలేదని తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా జరిగిపోయిన పంపకములను మాత్రము తిరుగదోడరాదు. అయినను ఇండ్లలో జరుగుచున్నది వేరు. తోబుట్టువును పండుగకు పిలిచి, చీర సారె పెట్టి, మరునాడు రిజిస్ట్రారు కచేరికి తీసుకొనిపోయి 'హక్కసోడ్ పత్రము' మీద సంతకము పెట్టించుట ఇక్కడ వాడుక అయినది. చట్టము ప్రకారము అందులో దోషము లేదు, తెలిసి ఇష్టముతో ఇచ్చినయెడల. మరాఠీ చదువురాని ఆడబిడ్డ, అటు కామారెడ్డిలోనో జగిత్యాలలోనో కాపురము ఉన్న ఆడబిడ్డ, ఆ పత్రములో ఏమున్నదని అడిగిన తప్పేమి? అడిగినందులకు పుట్టింటి గడప మూసినవారిని గూర్చి విన్నప్పుడు నాకు ఆ ఫారసీ కాలమే మేలనిపించును. అప్పుడు అందరికీ సమానముగా తెలియకుండెను.

కుల ధ్రువపత్రము విషయమున తెలుగువాడే దేశమునకంతకు ఒక తీర్పు తెచ్చిపెట్టినాడు. తెనాలిలో పుట్టి, తొమ్మిదవ ఏట తండ్రి ఉద్యోగమువెంట బొంబాయి వచ్చిన ఒక విద్యార్థి సేథ్ జి.ఎస్. వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల కోటా క్రింద సీటు అడిగినాడు. ఆంధ్రలో అతని కులము ఆ పట్టికలో ఉన్నది. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, ఒక రాష్ట్రపు పట్టికలో ఉన్నవాడు వలస పోయిన రాష్ట్రములో ఆ హక్కు కోరరాదని చెప్పినది. ఆ నాటి నుండి ప్రశ్న "నీ కులమేది" అనుటకంటె "ఏ తేదీకి నీ పెద్దలు ఎక్కడ ఉన్నారు" అని మారినది. మహారాష్ట్రలో షెడ్యూల్డు కులములకు 1950 ఆగస్టు 10, తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఇతర వెనుకబడిన వర్గములకు 1967 అక్టోబరు 13. ఆ తేదీలకు కుటుంబము ఇక్కడ ఉన్నదని రుజువు కావలెను.

మనవారికి ఇందులో ఒక విచిత్రమున్నది. 1950లో నిజామాబాదు నుండి నాందేడు వచ్చినవాడు రాష్ట్రము దాటలేదు. ఒకే పట్టిక, ఒకే సర్కారు. ఆరేండ్ల తరువాత గీత గీసినారు. పునర్విభజనవలన విడిపోయిన ఒకే ప్రాంతపు వారి సంగతి వేరుగా చూడవలసి రావచ్చునని మధ్యప్రదేశ్‌-విదర్భ సరిహద్దునకు చెందిన ఒక వ్యాజ్యములో సుప్రీంకోర్టు అన్నది. ఆ మాటను ఆధారము చేసుకొని వాదించుటకు మనవారికి దారి ఉన్నది. అట్టి వాదమునకు 1956కు పూర్వపు బడి రిజిస్టరు నకలు ప్రాణము వంటిది. ఉర్దూలో ఉన్నను సరే, నకలు తీసి అనువాదము చేయించి ఉంచుకొనవలెను.

పెండ్లి తగవులలో మాత్రము చట్టము ఆడబిడ్డవైపు వచ్చినది. పూర్వము నాందేడులో కాపురము చెడి నిర్మలుకు తిరిగిపోయిన పిల్ల, దావాకు మరల ఇక్కడికే రావలసి ఉండెను. 2003 సవరణతో భార్య తాను ఉన్నచోటనే హిందూ వివాహ చట్టము క్రింద అర్జీ పెట్టుకొనవచ్చును. వేధింపులను గూర్చిన నేరారోపణను పుట్టింటి ఊరిలో కూడా చేయవచ్చునని 2019లో సుప్రీంకోర్టు చెప్పినది. కుల పంచాయతీ రాసి ఇచ్చిన ఫారఖతు చెల్లునా అని ఇంకను అడుగుచున్నారు. ఆచారమున్నచో చెల్లును గాని, ఆ ఆచారమును కోర్టులో రుజువు చేయవలసిన భారము చెప్పినవారిదే. పెద్దమనుషులు చాపమీద కూర్చుండి చెప్పిన మాటను పది ఏండ్ల తరువాత సాక్ష్యముగా నిలువబెట్టుట సులభము కాదు.

స్త్రీలు, షెడ్యూల్డు కులముల, తెగల వారు, కార్ఖానా కార్మికులు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. 1987 నాటి చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. జిల్లా కోర్టులోనే దానికి కచేరి కలదు. లోక్ అదాలత్తులో రాజీ కుదిరిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును, ఆ తీర్పుపై అప్పీలు లేదు. ఇక మొదటి ప్రశ్నకు వచ్చినచో, క్రింది కోర్టుల భాష నేడు మరాఠీ. అక్కడ తెలుగు పత్రము పెట్టిన అనువాదము జతపరచవలసినదే. కాని కోర్టు వేరు, కచేరి వేరు. తన కష్టమును గూర్చి ఏ అధికారికైనను దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొనవచ్చునని రాజ్యాంగము 350వ అధికరణములో ఉన్నది. నాందేడు కలెక్టరు గారికి తెలుగులో రాసిన అర్జీని, అది తెలుగులో ఉన్నదను కారణమున త్రిప్పి పంపుటకు వీలులేదు.