వ్యాక్ డ్రెస్సింగ్ (ఎముకల గాయాల్లో రుణాత్మక పీడన చికిత్స)

ఎముక విరిగి చర్మాన్ని చీల్చుకుని బయటపడ్డ చోట గాయాన్ని గాలి చొరకుండా మూసి, లోపలి నుంచి పంపుతో పీలుస్తూ ఉంచే పద్ధతి ఇది. గాయం గుంటకు సరిపోయేలా కత్తిరించిన స్పాంజి పెట్టి, పైన పలుచని ప్లాస్టిక్ పొర అతికించి, దానికి గొట్టం తగిలిస్తారు. ఊరిన ద్రవం డబ్బాలోకి పోతుంది, వాపు తగ్గుతుంది, స్పాంజి కింద ఎర్రటి కొత్త కండ పెరుగుతుంది. రెండు మూడు రోజులకోసారి స్పాంజి మారుస్తారు.

పీల్చడం పాత విద్యే. చెడు రక్తం లాగడానికి సుశ్రుత సంహిత కొమ్మును చెప్పింది. విరిగిన ఎముకల మీది గాయాలకు ఈ కిటుకును కట్టుగా మలిచింది మాత్రం జర్మనీలోని ఉల్మ్ సర్జన్లు. ఫ్లైష్‌మన్ బృందం 1993లో 15 మంది రోగుల అనుభవాన్ని ప్రచురించింది. అమెరికాలో, నార్త్ కరొలైనాకు చెందిన మోరిక్వాస్, అర్జెంటా పందుల మీద ప్రయోగాలు చేసి 1997లో ఫలితాలు వెల్లడించారు. 125 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర గాయానికి రక్తప్రసారం నాలుగింతలైందన్నారు. నేటికీ పంపుల మీద కనిపించే అంకె ఆ 125యే. ఆపి ఆపి పీలిస్తే కొత్త కండ ఇంకా వేగంగా పెరుగుతుందని కూడా వాళ్లే చూపారు. కానీ అలా చేస్తే నొప్పి ఎక్కువ, అందుకే ఆస్పత్రుల్లో ఎడతెగని పీల్పే స్థిరపడింది.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో అమెరికా సైనిక వైద్యులు దీన్ని విరివిగా వాడారు. మన దేశంలో ఖరీదైన యంత్రం లేనిచోట స్టెరిలైజ్ చేసిన మామూలు స్పాంజి, రైల్స్ ట్యూబు (ముక్కు గుండా కడుపులోకి వేసే గొట్టం), గోడకున్న సక్షన్‌తోనే పని నడిపిన వార్డులున్నాయి.

2009లో స్టానార్డ్ బృందం చేసిన చిన్న అధ్యయనంలో లోతైన ఇన్ఫెక్షన్ మామూలు కట్టుతో 28 శాతం, దీనితో 5.4 శాతం. ఈ అంకెలతో నమ్మకం బలపడింది. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, రెండేళ్లలో ఆరు మరణాలు, 77 మందికి హాని జరిగినట్టు తెలిపి, ముఖ్యంగా రక్తస్రావం గురించి హెచ్చరించింది.

అసలు పరీక్ష బ్రిటన్‌లో జరిగింది. కాళ్లకు తీవ్రమైన ఓపెన్ ఫ్రాక్చర్లయిన 460 మందిపై జరిపిన వోల్ఫ్ అధ్యయనం 2018లో వెలువడింది. ఇన్ఫెక్షన్ దీనితో 7.1 శాతం, మామూలు కట్టుతో 8.1 శాతం, ఏడాది తర్వాత రోగుల అశక్తతలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కుట్లు వేసిన గాయాల మీద 1,548 మందితో చేసిన విస్ట్ అధ్యయనం (2020) కూడా లాభం చూపలేదు.

పాతికేళ్ల ఉత్సాహం మీద ఇది చన్నీళ్లే. అలాగని పంపు మూలపడలేదు. రోజూ గాజుగుడ్డ పీకే బాధ తప్పుతుంది, ఒక ఆపరేషన్‌కూ మరోదానికీ మధ్య గాయం మూసి ఉంటుంది. చిక్కంతా ఆ సౌకర్యంలోనే ఉంది. పొర కింద శుభ్రంగా కనిపిస్తోంది కదా అని కండతో గాయాన్ని కప్పే ఫ్లాప్ సర్జరీని వాయిదా వేయాలనిపిస్తుంది. మోకాలి కింది ఎముక విరిగిన గాయాలపై 2008లో భట్టాచార్య బృందం చూసినదేమంటే, ఈ కట్టు ఉన్నా ఫ్లాప్ ఏడు రోజులు దాటితే ఇన్ఫెక్షన్ 12.5 శాతం నుంచి 57 శాతానికి ఎగబాకింది. ఫ్లాప్‌ను 72 గంటల్లోపే ముగించాలన్నది నేటి బ్రిటిష్ ప్రమాణం.