అఖ్బార్‌లో మన తస్వీర్ ఎవరి అమానత్?



మన ఇళ్లల్లో పెద్దవాళ్ల పాత ఫోటో అడిగితే రెండే జవాబులొస్తాయి. ఒకటి, "మా దాదాకు తస్వీర్ అంటే గిట్టేది కాదు, ఎప్పుడూ దిగలే." రెండోది, "ఒకటి ఉన్నింది, వానకు తడిసి పాడైపోయింది." ఈ రెండు జవాబుల మధ్యనే మన తారీఖ్ చాలా వరకు జారిపోయింది. ఇంట్లో లేని తస్వీర్ ఒక్కోసారి అఖ్బార్‌లో దొరుకుతుంది. ఈద్గాలో సఫ్ కట్టినప్పుడో, ఎన్నికల సభలోనో, మా కొలిమిగుండ్ల పక్క నాపరాయి గనుల్లోనో ఎవరో కెమెరా నొక్కి ఉంటారు. ఆ తస్వీర్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? ఇరవై ఏళ్లకు పైగా విలేకరిగా ఉన్న నాకు ఈ సవాల్ వదలడం లేదు.

మన ప్రాంతం కెమెరా ముందుకు వచ్చిందే ఆకలితో. 1876-78 ధాత కరువు మద్రాసు ప్రెసిడెన్సీని తినేసింది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. ఆ రోజుల్లో విలోబీ వాలెస్ హూపర్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషుల్ని వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. అవి ఇంగ్లాండు దాకా పోయాయి, చూసినవాళ్ల గుండెలు కదిలాయి. తీసినవాడు వాళ్లకు ఏమి పెట్టాడన్న విమర్శ కూడా వచ్చింది. ఆ ఫోటోలు నేటికీ భద్రంగా ఉన్నాయి, కానీ అందులోని మనుషుల పేర్లు లేవు. వాళ్లు ఏ ఊరివాళ్లో, ఎవరి నానీనో, ఎవరి పర్‌దాదానో చెప్పేవాళ్లు లేరు. చేరా మిగిలి, నామ్ పోయింది.

అప్పట్లో ఫోటోను నేరుగా పేపర్లో అచ్చేసే వీలు లేదు. ఫోటో చూసి చెక్కేవాడు చెక్క మీద బొమ్మ చెక్కితే, దాన్ని అచ్చేసేవాళ్లు. హాఫ్‌టోన్ పద్ధతి వచ్చాక సంగతి మారింది. 1880 మార్చి 4న న్యూయార్క్ 'డైలీ గ్రాఫిక్' అలా ఒక ఫోటో అచ్చేసింది. తొలి ప్రయత్నాల్లో దాన్ని ముందు చెబుతారు. హాఫ్‌టోన్ అంటే ఫోటోను జల్లెడలాంటి తెర గుండా చుక్కలుగా విడగొట్టడం. నలుపు ఎక్కువున్న చోట పెద్ద చుక్క, తెలుపున్న చోట చిన్న చుక్క. దూరం నుంచి కన్ను వాటిని కలిపి ముఖంగా చూస్తుంది. ఈ చుక్కల సంగతి యాద్ పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

హైదరాబాద్‌లో ఈ కళకు పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్. మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టిన ఆయన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బార్ ఫోటోగ్రాఫర్ అయ్యారు. పర్దాలో ఉండే బేగంల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అక్కడ కెమెరా పట్టింది కూడా ఒక ఆంగ్ల మహిళే. తస్వీర్ జాయెజా నాజాయెజా అని ఉలమా వాదించుకుంటున్న జమానాలోనే మన ఆడవాళ్ల అక్స్‌ను పర్దా చెడకుండా దాచిన చోటది.

దీన్‌దయాళ్ 1905లో పోయారు. మూడేళ్లకే, 1908 సెప్టెంబర్ 28న, మూసీ పొంగి వేలమందిని మింగింది. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతుర్నీ ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. కూలిన పుళ్లను, మట్టిదిబ్బలైన మొహల్లాలను దీన్‌దయాళ్ స్టూడియోవాళ్లు ఫోటోలు తీశారు. ఈరోజు మూసీ వరద మీద ఏ పత్రిక రాసినా ఆనాటి ఫోటోలే గతి. గాజు పలకల నెగెటివ్‌లను ఆ ఖాందాన్ తరాల పాటు కాపాడింది గనకే అవి మిగిలాయి. వాటిలో రెండున్నర వేలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి.

ఉర్దూ అఖ్బార్‌ల దారి వేరు. కాతిబ్ పసుపు కాగితం మీద చేత్తో రాస్తే దాన్ని రాతి మీదికి దింపి అచ్చేసేవాళ్లు. రాత అందంగా వచ్చేది గానీ ఫోటో ఇమిడేది కాదు. 1912 జూలై 13న మౌలానా అబుల్ కలాం ఆజాద్ కలకత్తాలో 'అల్ హిలాల్' మొదలుపెట్టినప్పుడు రాతి అచ్చు వదిలి టైపు అచ్చుకు పోయారు, ఫోటోలు వేశారు. ట్రిపోలీ, బాల్కన్ యుద్ధాల తస్వీర్‌లు హిందుస్తాన్ ముస్లింల ఇళ్లల్లోకి అలా వచ్చాయి. ఉర్దూ మీడియం బడిలో మాకు అల్ హిలాల్ అంటే ఆజాద్ సాహెబ్ ఇబారత్ గురించే చెప్పారు. ఆ బొమ్మల గురించి ఎవరూ చెప్పలేదు.

తెలుగులో ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా బొంబాయిలో పుట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. అప్పట్నుంచి ఆఫ్‌సెట్ వచ్చేదాకా రాజ్యం బ్లాకుదే. ఫోటోను జింకు రేకు మీద చెక్కించడానికి డబ్బూ టైమూ అవుతాయి గనక నాయకుడి బ్లాకు ఒకటి చేయించి, ఆయన ఏం మాట్లాడినా అదే వేసేవాళ్లు. మామూలు మనిషికి బ్లాకు ఎవరు చేయిస్తారు? ఆ కాలంలో మామూలు జనాన్ని వెతుక్కుంటూ పోయిన కెమెరా సునీల్ జానాది. 1943 బెంగాల్ కరువునూ, తర్వాత తెలంగాణ రైతుల పోరాటాన్నీ ఆయన తీసిన ఫోటోలు కమ్యూనిస్టు పార్టీ పత్రికల్లో వచ్చాయి.

మా నంద్యాల పార్లమెంటు స్థానానికి మాత్రం కెమెరాలు రెండుసార్లు వెల్లువలా వచ్చాయి. 1977లో ఆంధ్రప్రదేశ్ మొత్తంలో జనతా పార్టీ గెలిచిన ఒక్క సీటు ఇదే. గెలిచిన నీలం సంజీవరెడ్డి ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు. 1991 ఉప ఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావు ఇక్కడ 5 లక్షల 80 వేల మెజారిటీతో గెలిచారు. ఆ ఫోటోల్లో వేదిక మీదున్నవాళ్ల పేర్లన్నీ కింద రాసుంటాయి. కింద నిలబడిన టోపీలు, తువ్వాళ్లు, బుర్ఖాలు అన్నింటికీ కలిపి ఒకటే పేరు, "సభకు హాజరైన జనం".

1989లో ఈనాడు జిల్లా పేజీలు తెచ్చాక మండలాల ఖబర్‌లకు చోటు దొరికింది. కొలిమిగుండ్ల లాంటి ఊళ్ల ఫోటోలు కూడా పేపర్ ఎక్కాయి. విలేకరి స్టూడియో అతన్ని బతిమాలి ఫోటో తీయించి, ప్రింటు కడిగించి, కవర్లో పెట్టి బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాడు. కవరు ఎడిషన్ ఆఫీసుకు చేరేది, ఫోటో అచ్చయ్యేది. ప్రింటు వెనక్కి వచ్చేది కాదు. నెగెటివ్ స్టూడియోలోనే ఉండిపోయేది, స్టూడియో మూతపడ్డాక దాన్ని అడిగేవాడు లేడు. నేను పనిచేసిన ఒక ఆఫీసు మారేటప్పుడు అట్టపెట్టెల నిండా ఉన్న ప్రింట్లు పాత పేపర్లతో కలిసి తూకానికి పోయాయి. వెనక పెన్సిల్‌తో ఊరు, తారీఖు రాసున్న ప్రింట్లు అవి.

"పాత పేపర్ లైబ్రరీలో ఉంటుంది కదా భాయ్" అంటారు. ఉంటుంది. ప్రతి పత్రికా కాపీ పెద్ద లైబ్రరీలకు పంపాలని 1956 నుంచీ చట్టంలో ఉంది. అయితే ఆ చట్టం కాపాడేది అచ్చయిన కాగితాన్ని, నెగెటివ్‌ను కాదు. ఇక్కడే ఆ చుక్కల సంగతి. పేపర్లోని చిన్న ఫోటోను మీ అబ్బాజాన్ ముఖం కోసం పెద్దది చేస్తే ముఖం రాదు, చుక్కలే పెద్దవవుతాయి. అసలు చేరా నెగెటివ్‌లోనో ప్రింటులోనో ఉంటుంది. పైగా న్యూస్‌ప్రింట్ చెక్క గుజ్జుతో చేసింది, ఎండా గాలీ తగిలితే పచ్చబడి పొడిపొడి అవుతుంది.

హక్కు ఎవరిదన్నదీ తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పత్రికలో ఉద్యోగిగా తీసిన ఫోటోను పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానిది. మిగతా హక్కులు, వేరే ఒప్పందం లేకపోతే, తీసినవాడివే. తీసినవాడు చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు గడిస్తే అది అందరిదీ. మండలాల్లో ఫోటోలు తీసినవాళ్లు చాలామంది ఉద్యోగులు కూడా కాదు. వాళ్ల ట్రంకుపెట్టెల్లో ఉన్నది వాళ్ల సొత్తే. అందుకే వాళ్లు గుజరిపోయాక ఆ పెట్టెను బయట పడేయకండని వాళ్ల పిల్లల్ని అడుగుతున్నాను.

అయినా పత్రికలు మనల్ని ఎంతవరకు చూపించాయి? ఏడాదికి రెండు ఈద్‌లు, రంజాన్‌లో ఒక ఇఫ్తార్, ఎక్కడైనా గొడవైతే పోలీసు పికెట్. గనుల్లో దుమ్ము పీల్చిన ముస్లిం కూలీ, బీడీలు చుట్టిన చాచీ, టాంగా తోలిన మామూ ఆ పేజీల్లో అరుదు. ఆ లోటు తీర్చగలిగేది ఇళ్లల్లో మిగిలిన ఫోటోలే. కాబట్టి హిఫాజత్ మన చేతుల్లోనే మొదలుకావాలి.

పెద్ద ఖర్చేమీ లేదు. జిగురు పేజీల ఆల్బమ్‌లలోంచి ఫోటోలు జాగ్రత్తగా తీయండి. ఊడకపోతే లాగొద్దు, అలాగే స్కాన్ చేయించండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు, మంచి తెల్ల కాగితం కవర్లు చాలు. నెగెటివ్‌ల నుంచి సిర్కా వాసన వస్తే ఫిల్మ్ చెడుతున్నట్టు లెక్క, వాటిని మిగతావాటి నుంచి విడదీసి ముందు స్కాన్ చేయించండి. వంటింటి అటక మీద, ఇనుప రేకుల కింద పెట్టొద్దు. స్కాన్ చేసిన కాపీ ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లోని బంధువు దగ్గర ఉంచండి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు ఒకే చోట దాచుకోవడం ఎంత ప్రమాదమో మన జిల్లాకు తెలిసొచ్చింది.

అన్నింటికంటే ముందు పేర్లు. ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని రాయండి. ధాత కరువు ఫోటోలను లండన్ కాపాడింది, పేర్లను ఎవరూ కాపాడలేదు. ఆ పని కెమెరా చేయలేదు, లైబ్రరీ చేయలేదు. ఈ జుమ్మా నమాజ్ అయ్యాక మీ నానీ పక్కన కూర్చుని ఆ పాత పెట్టె తెరవండి. "వీళ్లెవరు నానీ?" అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. చెప్పగలిగినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు, అల్‌హందులిల్లా.