వంత అందుకుంటేనే పాట

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు తంబురా మీటుతూ, అందెలు మోగిస్తూ కథ ఎత్తుకుంటాడు. గుమ్మెటలతో అటొకరు, ఇటొకరు వంతలు. ఒక వంత నవ్విస్తాడు. రెండో వంత కథను ఆపి రాజ్యం సంగతి అడుగుతాడు. బ్రిటిష్ సర్కారూ నిజాం సర్కారూ బుర్రకథ మీద నిషేధం పెట్టాయంటే ఆ రెండో వంత మాటలకున్న పదును ఎంతటిదో తెలుస్తుంది.

1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఆ పదునును ఊరూరా తిప్పింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధం చెప్పిన గొంతుతోనే బెంగాల్ కరువునూ కథగా చెప్పాడు. జనానికి రూపం పాతదే, కడుపుమంట మాత్రం అప్పటిది.

తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు కూడా బుర్రకథతోనే మొదలయ్యాడు. బి. నరసింగరావుతో కలిసి 1972లో విప్లవ కళాబృందం జననాట్యమండలి కట్టాక గద్దర్ అయ్యాడు. గొంగడి, గోచీ, కాళ్లకు గజ్జెలు. పల్లె బాణీలకే కొత్త మాటలు తొడిగాడు. ఆ పాటల క్యాసెట్లు చేతులు మారాయి. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పోలీసుల భయం ఉండేది, ఆ భయమే ఇద్దరినీ ఒకటి చేసేది.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఆడిపాడే తెలంగాణ ధూంధాం 2002లో కామారెడ్డిలో మొదలయ్యేనాటికి యూట్యూబ్ ఇంకా పుట్టలేదు. గోరటి వెంకన్న, రసమయి బాలకిషన్ వంటివాళ్లు గొంతెత్తితే మైదానమంతా వంత పాడింది.

ఇప్పుడు పాట చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఒంటరిగా మోగుతోంది. ఎవరి ఫోన్‌లో వాళ్ల పాట. ధిక్కార స్వరం ఎక్కడైనా లేచినా, వారం తిరక్కుండా రీల్స్‌కు నేపథ్యంగా మారిపోతుంది. ఇక ఉద్యమ సంగీతం పుట్టదన్న బెంగ ఉత్తిదేం కాదు.

అయినా పుడుతోంది. 2018 జనవరిలో చెన్నైలో సినీ దర్శకుడు పా. రంజిత్ చొరవతో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం వేదికెక్కింది. ఉత్తర చెన్నై పేటల్లో చావు ఇళ్ల దగ్గర పాడే గానా పాటకు ర్యాప్, రాక్ జతచేసి కులాన్ని నిలదీసింది. ఇంటర్నెట్ ఆ పాటలను దేశమంతా మోసుకెళ్లింది. వాటికి ప్రాణం పోసింది మాత్రం ఆ పేటలే.

ఇరాన్‌లో వంత ఇంటర్నెట్‌లోనే దొరికింది. 2022 సెప్టెంబరులో, తలమీది ముసుగు సరిగా వేసుకోలేదంటూ పట్టుకున్న మహ్సా అమీనీ అనే యువతి పోలీసుల నిర్బంధంలో ఉండగా చనిపోయింది. జనం వీధికెక్కారు. ఎందుకెక్కారో ట్విట్టర్‌లో ఒక్కో వాక్యంగా రాశారు. షెర్విన్ హాజీపూర్ అనే యువకుడు ఆ వాక్యాలనే ఏరి ‘బరాయే’ అనే పాట కట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. రెండు రోజుల్లో సుమారు 4 కోట్ల మంది చూశారని వార్తలొచ్చాయి. అతన్ని అరెస్టు చేశారు, పాట అతని ఖాతాలోంచి మాయమైంది.

తరువాత ఆ పాట బడుల్లో వినిపించింది. తరగతి గదుల్లో ఆడపిల్లలు తలమీది ముసుగు తీసేసి, గొంతు కలిపి పాడారు.