నీరడి నూనెకు పరీక్ష

వేపాకు, పసుపు, గడ్డి చేమంతి వంటివి సూక్ష్మక్రిములను చంపుతాయా అని ఈ రోజుల్లో కాలేజీ పిల్లలు కూడా పరీక్షిస్తున్నారు. గాజు పళ్ళెంలో అగారు పోసి క్రిములను పెంచుతారు. ఆకురసంలో ముంచిన కాగితపు బిళ్ళను అందులో పెడతారు. మర్నాడు బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. మా మనుమరాలు ఇది వివరిస్తుంటే కొండకల్‌లో మా పెద్దనాయన జ్ఞాపకం వచ్చాడు.

ఆయనకు పెద్దరోగం. నేను పుట్టకముందే డిచ్‌పల్లి వెళ్ళి నీరడి నూనె సూదులు వేయించుకున్నాడు.

ఈ నూనెను కుష్ఠుకు మందుగా సుశ్రుతుడు తువరకమనే పేరుతో చెప్పాడు. తాగితే వాంతులయ్యేవి. 1915 ప్రాంతంలో హవాయిలో ఆలిస్ బాల్ అనే యువతి, కలకత్తాలో డాక్టర్ లియొనార్డ్ రోజర్స్ ఇటువంటి నూనెలను సూదిమందుగా మార్చారు. అదే 1915లో నిజాం రాజ్యంలోని డిచ్‌పల్లిలో స్కాట్లండు డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ భూరి విరాళమిచ్చారు. తరువాత ఈ సూదులే అక్కడి ముఖ్య చికిత్స అయ్యాయి.

కాని కుష్ఠు క్రిమిని 1873లో హాన్సెన్ కనుగొన్నా, గాజు పళ్ళెంలో అది నేటికీ పెరగదు. కనుక రోగి శరీరమే పళ్ళెం! మచ్చ తగ్గిందా, స్పర్శ వచ్చిందా అని నెలల తరబడి చూడడమే పరీక్ష. కొందరికి తగ్గేది, కొందరికి తిరగబెట్టేది. కొందరిలో ఈ రోగం తనంతట తానే నెమ్మదిస్తుంది కూడా. ఇక మందు పనిచేసిందని తేల్చేదెట్లా? డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లోవే 1940ల చివర నైజీరియాలో డాప్సోన్ మాత్రలు వాడి చూశారు. నీరడి నూనె మూలబడింది. ఎలుక పాదంలో ఈ క్రిమిని పెంచే పద్ధతి 1960లో వచ్చింది. ఈ నూనెల్లోని ఆమ్లాలు క్రిమి వృద్ధిని అడ్డుకుంటాయని 1975లో ఎలుకల్లోనే తేలింది. అప్పటికి ఆ నూనెతో ఎవరికీ పని లేదు.

మా పెద్దనాయన చేను గట్టున గుడిసెలో ఉండేవాడు. మా అమ్మ ఇచ్చిన గటక దూరంగా పెట్టి పరుగెత్తి వచ్చేవాణ్ణి. ఆయన దండ చేతి మీది సూది మచ్చలు చూపుతూ, "నయమైంది బిడ్డా, దగ్గరికి రా" అనేవాడు. మా ఇంట్లో ఎవరం నమ్మలేదు. తరువాత నేను వైద్యశాఖలో గుమాస్తానై కుష్ఠు సర్వే ఫైళ్ళు ఎన్నో రాశాను. నాకు పదేళ్ళప్పుడు ఆయన పోయాడు. ఆయన గిన్నెను మా నాయన పాడుబడ్డ బావిలో వేయించాడు.